లస్మయ్య పక్కటెముకలు

సూరత్ బమ్రోలిలోని ఆ గల్లీలో లస్మయ్యలు ముగ్గురు. ఒకాయన పెద్ద లస్మయ్య, ఒకాయన మీసాల లస్మయ్య, మన లస్మయ్య బక్క లస్మయ్య. ఆ పేరు ఆయనకు నచ్చేది కాదు గానీ కాదనడానికి ఏమీ లేదు. సిరిసిల్ల పక్క పల్లెలో బడి మానేసి సూరత్‌కు వచ్చినప్పటి నుంచీ పాండేసరా కార్ఖానాల్లో సాంచాల, అంటే మరమగ్గాల, నడుమ నిలబడి బట్ట నేస్తున్న మనిషి. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. చొక్కా విప్పితే పక్కటెముకలు దేనికదే విడిగా కనబడేవి. అందుకని ఎంత ఉక్కపోసినా నలుగురిలో చొక్కా విప్పేవాడు కాదు.

అట్లాంటి ఒంటికి రెండువేల ఇరవై వేసవిలో గిరాకీ వచ్చింది.

లాక్‌డౌన్ పెట్టి కొన్ని వారాలైంది. సాంచాలు ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా చెవుల్లో మోగిన చప్పుడు ఒక్కసారిగా లేకుండా పోయేసరికి లస్మయ్యకు ఏదో పోగొట్టుకున్నట్టుగా ఉండేది. పొద్దున లేచి, చాయ్ తాగి, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం ఇంకో గోడకు ఆనుకునేవాడు. ఒక్క గది ఇల్లు, నాలుగే గోడలు.

ఆ ఇంట్లో చదువుకునేది ఒక్కతే, కూతురు సుభాషిణి. నర్సింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం. కాలేజీ ల్యాబ్‌లో నిలువెత్తు అస్థిపంజరం ఒకటి వేలాడుతుండేది. పక్కనే ఒక ప్లాస్టిక్ మొండెం, మూత తీస్తే లోపల లివర్, కడుపు, పేగులు, అన్నీ ఊడదీసి మళ్లీ పెట్టుకునేలా ఉండేవి. ఎముకలు, జీర్ణవ్యవస్థ, ఈ రెండింటి మీదే ల్యాబ్ పరీక్ష. ఇప్పుడు ల్యాబ్‌కు తాళం పడింది. ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. చివరికి దేసాయి మేడం ఫోన్‌లో అందరికీ ఒక మాట చెప్పింది. పరీక్ష వీడియో కాల్‌లోనే జరుగుతుంది. ఇంట్లో మనిషిని ఒకరిని కెమెరా ముందు పెట్టుకుని, ఏ ఎముక ఎక్కడుందో, ఏ అవయవం ఎక్కడుందో ఆ మనిషి మీద చూపించాలి. మేడం అడుగుతూ ఉంటుంది, పిల్లలు చూపిస్తూ ఉండాలి.

ఆ మరునాడు పొద్దున లస్మయ్య చాయ్ గ్లాసు ఇంకా కింద పెట్టలేదు.

"బాపూ, జర అంగీ ఇప్పు," అన్నది సుభాషిణి.

"ఎందుకే?"

"నీ బొక్కలు గావాలె."

మూలన బియ్యంలో రాళ్లేరుతున్న వజ్రమ్మ తలెత్తి చూసింది. వజ్రమ్మ లస్మయ్య భార్య. నిండైన మనిషి, నిండైన గొంతు. మామూలు రోజుల్లో చీరలకు మెరుపు రాళ్లు అతికించే పని ఇంటికే తెచ్చుకుని చేస్తుంది. ఇప్పుడు ఆ రాళ్లూ లేవు, ఆ చీరలూ లేవు.

"ఇయ్యవయ్యా. ఇన్నొద్దులు దాసిపెట్టుకున్నవు, ఇయ్యాల అక్కరకొచ్చినయి," అన్నది.

లస్మయ్య సిగ్గుపడుతూనే చొక్కా విప్పి చాప మీద కూర్చున్నాడు. సుభాషిణి స్కెచ్ పెన్ను మూత తీసింది. మెడ కింద అడ్డంగా ఉన్న ఎముక మీద క్లావికిల్ అని రాసింది. భుజం వెనక స్కాపులా. పై చెయ్యి హ్యూమరస్. పక్కటెముకల మీద వరసగా అంకెలు వేసుకుంటూ దిగింది. "బాపూ, కదలకు" అని ఒక చేత్తో వీపు పట్టుకుని, వంచి, మెడ వెనక బొడిపెలా పైకి తేలిన ఎముకకు సున్నా చుట్టింది.

ఆ సున్నా చుడుతున్నప్పుడు లస్మయ్యకు ఒక సంగతి తట్టింది. కూతురి చెయ్యి తన వీపు మీద పడి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. పగటి పాళీ డ్యూటీ అయితే ఆ పిల్ల లేచేలోపే పనికి పోయేవాడు. రాత్రి పాళీ అయితే ఆ పిల్ల చదువుకుంటుంటే ఈయన గోడవైపు తిరిగి నిద్రపోయేవాడు. ఒకే గదిలో పెరిగిన పిల్ల ఇంత పెద్దదెప్పుడైందో ఆయన చూడనే లేదు.

మధ్యాహ్నం పాలకు పోయినప్పుడు గల్లీ చివర దారికి అడ్డంగా కట్టెలు కట్టిన చోట కానిస్టేబుల్ ఆపాడు. లస్మయ్య పొట్టిచేతుల చొక్కా కింద నుంచి నీలిరంగు అక్షరాలు కనబడుతున్నాయి.

"యే హ్యూమరస్ కోన్ హై?" అని అడిగాడు. ఎవరో ఆడమనిషి పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడని ఆయన అనుమానం.

"మేరీ హడ్డీ హై సాబ్," అన్నాడు లస్మయ్య, చేతి ఎముకను తట్టి చూపిస్తూ.

కానిస్టేబుల్ కాసేపు ఆయన ముఖం చూసి, ఎండ దెబ్బ తగిలిందనుకున్నాడో ఏమో, పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆ కబురు ఎట్లా పాకిందో గానీ వారం తిరక్కుండా సుభాషిణి క్లాసు పిల్లలకంతా తెలిసిపోయింది. ఊరికి ఆ చివర వరాఛాలో హేతల్ అని ఒక పిల్ల ఉండేది, సుభాషిణికి దగ్గరి స్నేహితురాలు. వాళ్ల నాన్న వజ్రాలు సానపట్టే మనిషి, కూర్చుని చేసే పని, మంచి పొట్ట. ఆయన ఒంట్లో ఎముకలు వెతకడం తన వల్ల కాదని హేతల్ రోజూ వీడియో కాల్ చేసేది. ఆ పిల్లతోపాటు ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలూ తగులుకునేవారు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెడితే, అందులోంచి గొంతులు వచ్చేవి.

"అంకల్, జర పీఛే ఘూమోనా."

"అంకల్, హాథ్ ఉపర్."

లస్మయ్య తిరిగేవాడు, చెయ్యి ఎత్తేవాడు, ఊపిరి పట్టి పక్కటెముకలు ఉబ్బించేవాడు. మొదటి రెండు రోజులూ తల వంచుకునే ఉన్నాడు. మూడోరోజు తలస్నానం చేసి, తల దువ్వుకుని, ఎవరూ అడక్కముందే చొక్కా విప్పి చాప మీద కూర్చున్నాడు.

"సూడుండ్రి, సూడుండ్రి," అన్నది వజ్రమ్మ. "పెండ్లిసూపుల నాడు సుత గింత మంచిగ తల దువ్వలె."

ఎముకలన్నీ అయ్యాక కడుపు మొదలైంది. కష్టమూ అక్కడే మొదలైంది. లస్మయ్యకు కితకితలు ఎక్కువ. లివర్ అంచు చూద్దామని కుడివైపు పక్కటెముకల కింద సుభాషిణి వేలు పెట్టగానే ఆయన చాప మీంచి అంతెత్తు ఎగిరాడు. వెల్లకిలా పడుకోబెట్టి బొడ్డు పక్కన వేలు ఆనిస్తే మెలికలు తిరిగాడు. ఫోన్‌లో పిల్లలు కూడా నవ్వు ఆపుకోలేక ఒక్కొక్కరే కాల్ కట్ చేశారు.

"బాపూ, గిట్ల జేస్తే మేడం సున్నా పెడ్తది," అన్నది సుభాషిణి. ఆ పిల్లకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"నేనేం జేస్త బిడ్డా. అది నా చేతుల లేదు."

"సేఠ్ మొకం యాది జేసుకో," అన్నది వజ్రమ్మ. లస్మయ్య కళ్లు మూసుకుని కార్ఖానా సేఠ్ ముఖం తలచుకున్నాడు. ఇంకా నవ్వొచ్చింది. చచ్చిపోయిన మేనమామను తలచుకున్నాడు. ఆయన బతికుండగా మంచి హాస్యగాడు, అదీ పని చెయ్యలేదు. రెండు రోజులు ఇట్లాగే గడిచాక వజ్రమ్మే ఇంకో ఉపాయం చెప్పింది.

"సాంచ మీద పోగు తెగిందనుకో. యాడ తెగిందో ఎతుకు."

లస్మయ్య కళ్లు మూసుకున్నాడు. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. వందల పోగుల్లో తెగిన పోగును వెతికే మనిషి ఊపిరి ఎంత నెమ్మదిగా తీస్తాడో అంత నెమ్మదిగా కడుపు లేచి దిగింది. సుభాషిణి వేలు లివర్ అంచు నుంచి ఎడమవైపు కడుపు మీదికి, అక్కడి నుంచి కిందికి పేగుల మీదుగా తిరిగి, కుడివైపు తుంటి పైన అపెండిక్స్ దగ్గర ఆగింది. ఆయన కదల్లేదు.

"దొర్కిందా బాపూ?" అని మెల్లగా అడిగింది సుభాషిణి.

"ఇంకా లేదు. నువ్వు కానీ."

గల్లీలో సగం ఇళ్లు ఆ వేసవిలోనే ఖాళీ అయ్యాయి. రైళ్లు వేశారని తెలిసి చాలామంది ఊళ్లకు పోయారు. మేడ మీది గదిలో ఉండే రాజమౌళి కూడా తాళంచెవి లస్మయ్య చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పరీక్ష ఏ రోజు పెడతారో తెలియదు, ఊళ్లో ఫోన్ సరిగ్గా అందదు అని వీళ్లు మాత్రం ఆగిపోయారు. వానలు మొదలయ్యే వేళకు సాంచాలు కొన్ని తిరగడం మొదలుపెట్టాయి. లస్మయ్య మళ్లీ పనిలోకి పోయాడు. పోయినా రోజూ సాయంత్రం అరగంట చాప మీద పడుకుని కూతురికి ఒళ్లు అప్పగించేవాడు. పరీక్ష తేదీ వచ్చింది. జులై చివరి వారం, సోమవారం పొద్దున.

దానికి ముందు గురువారం కార్ఖానాలో ఆయన పక్క సాంచాల మనిషికి కరోనా పాజిటివ్ వచ్చింది.

ఆ పాళీలో పని చేసిన వాళ్లంతా రెండు వారాలు విడిగా ఉండాలన్నారు. లస్మయ్యకు జ్వరం లేదు, దగ్గు లేదు, ఏమీ లేదు. అయినా ఎవరినీ తాకకూడదు. రాజమౌళి గది తాళం తీసుకుని మేడ మీదికి పోయాడు. ఆ గదికి పోయే మెట్లు వీళ్ల కిటికీ పక్క నుంచే పోతాయి. వజ్రమ్మ కంచం తెచ్చి మెట్టు మీద పెట్టి దిగిపోతే, అప్పుడు ఆయన వచ్చి తీసుకునేవాడు.

"ఇగ నా పరీక్ష పోయినట్టే," అన్నది సుభాషిణి మెట్ల కింద నిలబడి. "ఇంట్ల మనిషే ఉండాలన్నరు. ఇంకెవలున్నరు?"

వజ్రమ్మ అంట్లు తోముతున్నది. చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"నేన్ లేనా?"

సుభాషిణి తల్లిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, నేల చూపులు చూసింది.

"ఏందే, గట్ల సూస్తున్నవు?"

"నీకు బొక్కలు కనవడయ్ అమ్మా."

"కనవడకపోతే లేనట్టానే? బొక్కలు లేకుంటనే గిన్నేండ్లు నిలవడ్డనా? మా తల్లిగారింటికాన్నుంచి తెచ్చుకున్నయే అన్ని. యాడికి పోతయ్."

మెట్ల మలుపులో కూర్చున్న లస్మయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు లోపల ఎక్కడో చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. మూడు నెలలుగా తాను నేర్చుకున్న విద్య అది. పోగు వెతుక్కుంటూ కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో ఆమెకేం తెలుసు.

ఆ సాయంత్రమే సాధన మొదలైంది. వజ్రమ్మ చాప మీద పడుకుంది. లస్మయ్య మెట్ల మీద నుంచి కిటికీలోకి చూస్తున్నాడు. క్లావికిల్ దొరికింది. చేతి ఎముకలు దొరికాయి. పక్కటెముకల దగ్గరికొచ్చేసరికి సుభాషిణి వేళ్లు దారి తప్పాయి. బాపు మీదైతే అంకెలు వేసినట్టు కళ్లకు కనబడేవి. ఇక్కడ అంతా ఒక్కలాగే మెత్తగా ఉంది.

"గట్టిగ ఒత్తు బిడ్డా," అన్నాడు లస్మయ్య పైనుంచి.

"ఒత్తితే నొస్తదేమో బాపూ."

"నొస్తే చెప్తది. మీ అమ్మ చెప్పకుంట ఊకుంటదా?"

"ఓ బక్కయ్యా, నువ్వు జర సప్పుడు జెయ్యకుంటుండు," అన్నది వజ్రమ్మ పడుకునే. "ఇప్పుడు పని నాది."

సోమవారం రానే వచ్చింది. సుభాషిణి తెల్లకోటు వేసుకుని ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించింది. వజ్రమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఎన్నడూ లేనిది పౌడరు కూడా రాసుకుని కూర్చుంది. లస్మయ్య మేడ మీది పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకు ఏ పనీ అప్పగించలేదు. సరిగ్గా అప్పుడే గల్లీ కుళాయికి నీళ్లొచ్చాయి.

నీళ్లొస్తే ఆ గల్లీలో ఎంత గోల అవుతుందో చెప్పనక్కర్లేదు. బిందెలు, బకెట్లు, వంతుల కోసం కొట్లాటలు. లస్మయ్య పిట్టగోడ మీంచి వంగి రెండు చేతులూ ఊపాడు. ఒక ఆమె తలెత్తి చూసింది. ఆయన నోటి మీద వేలు పెట్టుకుని, తన కిటికీ వైపు చూపించి, గాలిలో రాస్తున్నట్టు చెయ్యి ఆడించాడు. ఆమెకు అర్థమైంది. పక్కామెకు చెప్పింది. ఆ పక్కామె ఇంకొకామెకు చెప్పింది. బిందె పెడుతుంటే చప్పుడు కాకుండా కింద గోనె పరిచారు. కొట్లాట కూడా గుసగుసల్లోనే నడిచింది. అరటిపండ్ల బండివాడు అరుస్తూ మలుపు తిరగబోతే ఆడవాళ్లే ఎదురెళ్లి వెనక్కి తిప్పారు. ఇక తన పని అయిందని లస్మయ్య చప్పుడు కాకుండా దిగి మెట్ల మలుపులో, ఫోన్‌కు కనబడని చోట కూర్చున్నాడు.

లోపల దేసాయి మేడం గొంతు వినబడుతున్నది. పెద్దామె, తొందరపడని గొంతు. మెడ వెనక బొడిపె అడిగింది. వజ్రమ్మ తల వంచింది, సుభాషిణి తడిమి చూపించింది. తుంటి ఎముక అంచు అడిగింది. చీర కుచ్చెళ్ల పక్కన నొక్కి చూపించింది.

"రెండో పక్కటెముక చూపించు," అన్నది మేడం హిందీలో.

మొదటి పక్కటెముక క్లావికిల్ కింద దాక్కుని ఉంటుంది. కాబట్టి ఎవరైనా రెండోదాన్ని పట్టుకునే లెక్క మొదలుపెట్టాలి. ఎదురురొమ్ము ఎముక మీద అడ్డంగా చిన్న గట్టు లాంటిది ఒకటి తగులుతుంది, దానికి ఇరువైపులా ఉండేదే రెండో పక్కటెముక. లస్మయ్య ఒంటి మీద ఆ గట్టు ఎండలో కూడా నీడ పడేంత పైకి కనబడేది. ఇక్కడ కనబడటం లేదు. సుభాషిణి కళ్లు తల్లి మెడ కింద వెతుకుతున్నాయి. వేళ్లు ఒకచోట ఆగి, అక్కడ కాదని పక్కకు పోయాయి. ఆ పిల్ల ముక్కు మీద చెమట పట్టింది.

లస్మయ్య వేలు తనకు తెలియకుండానే తన రొమ్ము మీది గట్టును పట్టుకుంది. అక్కడే బిడ్డా, ఇంకో రెండు వేళ్లు కిందికి, అని నోటి దాకా వచ్చింది. లేచి నిలబడ్డాడు. నిలబడి, పళ్లు బిగపట్టుకుని, మళ్లీ కూర్చున్నాడు.

"కళ్లతో కాదు బేటా," అన్నది మేడం. "నీకు వచ్చే పేషెంట్లందరికీ ఎముకలు కనబడవు. వేళ్లతో చూడు."

సుభాషిణి కళ్లు మూసుకుంది. గొంతు గుంట నుంచి వేలు మెల్లగా కిందికి జారింది. ఆగింది. ఇంకొంచెం గట్టిగా ఒత్తింది. వజ్రమ్మ రెప్ప కూడా వెయ్యలేదు.

"ఇదీ మేడం." కళ్లు తెరవకుండానే వేలు పక్కకు జరిపింది. "రెండు. మూడు. నాలుగు."

"చాలు. ఇప్పుడు జీర్ణవ్యవస్థ."

వజ్రమ్మ వెల్లకిలా పడుకుంది. సుభాషిణి గొంతు ఇప్పుడు స్థిరపడింది. నోట్లో పెట్టిన ముద్ద ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో వేలితో దారి చూపిస్తూ వచ్చింది. కడుపు మీద చెయ్యి పెట్టి "ఇక్కడ స్టమక్" అనబోతున్నది. అంతలో వజ్రమ్మ కడుపు గడగడమని మోగింది. చిన్న మోత కాదు. మెట్ల మీద లస్మయ్యకే కాదు, వరాఛాలో ఎవరైనా వింటుంటే వాళ్లకూ వినబడి ఉండేది.

వజ్రమ్మ చీర కొంగు కడుపు మీదికి లాక్కుంది.

"ఆ చప్పుడు ఎందుకొచ్చింది?" అని అడిగింది మేడం. ఆమె నవ్వు ఆపుకుంటున్నదని గొంతులోనే తెలుస్తున్నది.

"ఖాళీ కడుపు మేడం. తిండి లేనప్పుడు స్టమక్, చిన్నపేగు ముడుచుకుంటూ లోపలి గాలినీ నీళ్లనూ ముందుకు తోస్తాయి. దాని చప్పుడు."

"దానికి ఒక పేరుంది."

సుభాషిణికి పేరు తట్టలేదు. "గుర్తు రావడం లేదు మేడం," అన్నది. మేడం తల ఊపి ఏదో రాసుకుంది.

"మీ అమ్మ ఏమీ తినలేదా?"

ఆ మాట వజ్రమ్మకు అర్థమైంది. కూరగాయల బండ్ల దగ్గర ఇన్నేళ్లుగా నేర్చిన గుజరాతీలో తనే జవాబు చెప్పింది. కడుపు పరీక్ష అన్నారు కదా, రక్తపరీక్షకు పోయినట్టు ఏమీ తినకుండా ఉండాలేమోనని రాత్రి నుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని. మేడం ఈసారి ఆపుకోలేకపోయింది. నవ్వి నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అపెండిక్స్ ఒక్కటి చూపించి ముందు ఆమెకు అన్నం పెట్టు," అన్నది.

మార్కులు తరువాత ఎప్పుడో వచ్చాయి. సుభాషిణి బాగానే పాసైంది. హేతల్‌కు ఇంకో నాలుగు ఎక్కువే వచ్చాయి, వాళ్ల నాన్న పొట్ట మీద చేసి కూడా.

పరీక్ష రోజు మధ్యాహ్నం వజ్రమ్మ లస్మయ్య కంచాన్ని మెట్టు మీద పెట్టి, ఎప్పటిలా దిగిపోలేదు. తన కంచం కూడా తెచ్చుకుని అయిదారు మెట్ల కింద కూర్చుంది. ఇద్దరి మధ్య మెట్లు ఖాళీగా ఉన్నాయి. కింద గల్లీలో నీళ్లు ఆగిపోయాయి, గోనె పట్టాలు ఇంకా తడిగా పడి ఉన్నాయి.

లస్మయ్య పప్పన్నం కలుపుతూ అడిగాడు. "నొచ్చిందా?"

"ఒక్కకాడ. తుంటి ఎన్క."

"గట్టిగ ఒత్తిందా?"

"బిడ్డ ఒత్తుడుకు కాదు. అది పాత నొప్పే. కింద కూసోని రాళ్లు అతికిచ్చి అతికిచ్చి పట్టుకున్నది." వజ్రమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పింది. "ఫోన్ బందయినంక మల్లొచ్చి అక్కడనే చెయ్యి పెట్టింది. ఎప్పటి సంది అమ్మా ఇది, ఎందుకు చెప్పలేదు అని అడిగింది. మేడం అడగలె. తనే అడిగింది."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వు ఎప్పుడన్న ఇంట్ల మేలుకోనుంటె గద."

కాసేపు ఇద్దరూ తిన్నారు.

"ఇగ కింద కూసోని పని జెయ్యొద్దన్నది," అన్నది వజ్రమ్మ. "బల్లనో, స్టూలో ఏదో ఒకటి గావాలట."

"రాజమౌళి అర్రల ఒక బల్ల ఉన్నది. ఫోన్ జేసి అడుగుత."

"నువ్వు ముట్టుకున్నది ఇప్పుడే ఇంట్లకు తేవద్దు. రెండు వారాలు కానీ."

"సరే," అన్నాడు లస్మయ్య. "అప్పటిదాంక తుడిచి పెడ్త."